సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చోటు ఉండాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. దక్షిణ ఒడిశాలో ఒక యూనివర్సిటీ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో మీరు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి కొద్దికాలమే అయింది. యూనివర్సిటీల ప్రమాణాలు మదింపు చేసే నాక్ టీమ్ వస్తోందని హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారు 'ఈక్విటీ, డైవర్సిటీ, ఇన్‌క్లూజన్' పేరుతో ఒక కమిటీ వేసి, కన్వీనర్‌గా మీ పేరు రాసేశారు. ఒక సెమినార్, ఒక పోస్టర్ పోటీ పెట్టి ఫొటోలు తీయిస్తే చాలన్నారు. మీకేమో నిజంగా ఏదైనా చేయాలని ఉంది. సీనియర్ ఒకాయన "రిజర్వేషన్ ఉందిగా, ఇంకా ఏం కావాలట?" అన్నారు. పైగా మీరు తెలుగువారు కాబట్టి, ఇదంతా మీ వాళ్ల కోసమే చేస్తున్నారని అనుకుంటారేమోనని టెన్షన్.

నేను పర్లాకిమిడిలో పుట్టి, బరంపురంలో చదువుకుని, ఈ జిల్లాల్లోనే కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. ఇలాంటి కమిటీల్లో చాలానే కూర్చున్నాను. వాటిలో ఎక్కువ భాగం టీ, సమోసాలతో ముగిశాయి. కాబట్టి సూటిగా చెప్తాను. సెమినార్ పెట్టకండి, తప్పదంటే ఆఖర్న పెట్టండి. ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ కాగితం మీద లేకుండా జరిగిపోయే నిర్ణయాలు కొన్ని ఉంటాయి. ప్రాజెక్టుకి ఎవరికి ఏ గైడ్ దొరుకుతారు, ఏ పరికరం తాళం ఎవరి జేబులో ఉంటుంది, ఫెలోషిప్ సంగతి ముందుగా ఎవరి చెవిన పడుతుంది, ప్రాక్టికల్స్ ఎన్నింటికి వదులుతారు, వైవాలో, అంటే నోటితో అడిగే పరీక్షలో, మొదటి ప్రశ్న ఏం అడుగుతారు. పిల్లలు జారిపోయేది ఇలాంటి చోట్లే. వాటిని కాగితం మీదకి తెచ్చి నోటీసు బోర్డుకి ఎక్కించగలిగితే మీ కమిటీ పనిచేసినట్టే.

ముందు ఆ సీనియర్ గారి సంగతి. ఆయన అన్నది సగం నిజం. ఒడిశాలో ఎస్టీలకు 22.5 శాతం, ఎస్సీలకు 16.25 శాతం సీట్లున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఉంచాలి. ఇవన్నీ గేటు దాటించే ఏర్పాట్లు. గేటు లోపల ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష ఆరోపణలొస్తే విచారణకి వేసిన థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. అక్కడ సీట్లు నిండాయా లేదా అన్నది గొడవే కాదు. టీచర్లు ఎంత సమయం ఇస్తున్నారు, ప్రాక్టికల్, వైవా మార్కులు ఎలా వేస్తున్నారు, హాస్టల్లో ఎవరి పక్కన ఎవరు ఉంటున్నారు అన్నవాటి మీదే పిల్లలు మొర పెట్టుకున్నారు.

మన ప్రాంతం లెక్క కూడా ఆయనకి ఒకసారి చూపించండి. 2011 జనగణనలో గజపతి, రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి అయిదు జిల్లాల్లోనూ జనాభాలో సగానికి పైగా ఆదివాసులే. అప్పటికి రాష్ట్ర అక్షరాస్యత 73 శాతం దగ్గర ఉంటే, గజపతి తప్ప మిగతా నాలుగు జిల్లాలు 50 శాతం కూడా దాటలేదు. అలాంటి చోట నుంచి ఎమ్మెస్సీ దాకా వచ్చిన సవర పిల్లకి, కోయ పిల్లాడికి మెరిట్ లేదనడానికి ధైర్యం కావాలి. ఇంట్లో మొదటిసారి బడి మొహం చూసిన పిల్లలు వాళ్లు. ఆయనతో వాదన మాత్రం ఇంతకంటే పెంచుకోకండి. రిజర్వేషన్ మీద వాదించి ఒకళ్లని ఒకళ్లు మార్చిన స్టాఫ్ రూమ్‌ని నేను చూడలేదు. గైడ్ అలాట్‌మెంట్‌కి ఒక పద్ధతి పెడదాం అంటే మాత్రం, రిజర్వేషన్ అంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకోవడం చూశాను.

మొదటి పనిగా పాత రిజిస్టర్లు తీయండి. బ్రిటన్‌లో 2005లో ఎథీనా స్వాన్ అనే చార్టర్ మొదలైంది. సైన్స్ డిపార్ట్‌మెంట్లు ఆడవాళ్ల విషయంలో ముందు తమ లెక్కలు తామే తీసుకుని, లోపం ఎక్కడుందో ఒప్పుకుని, ఫలానాది చేస్తామని రాసివ్వాలి. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) 2020లో 'గతి' పేరుతో తెచ్చిన కార్యక్రమానికి అదే నమూనా. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు. గత కొన్ని బ్యాచ్‌లు తీసుకుని, చేరినవాళ్లలో ఎవరు రెండో సెమిస్టర్‌కి ఉన్నారు, ఎవరికి బ్యాక్ పేపర్లు (తప్పి మళ్లీ రాయాల్సినవి) పడ్డాయి, ప్రాజెక్టు ఎవరి దగ్గర చేశారు, పీహెచ్‌డీలో ఎవరు చేరారు, ఎవరు థీసిస్ ఇచ్చారు అని వరస చూడండి. ఆడా మగా, కేటగిరీ, ఏ జిల్లా, డిగ్రీ దాకా ఏ మీడియం. ఈ నాలుగు గళ్లు చాలు. ఎక్కడ సంఖ్య ఒక్కసారిగా పడిపోతోందో అక్కడ మీ పని ఉంది. నేను చూసినంతలో ఆ పడిపోవడం అడ్మిషన్ దగ్గర ఉండదు. మొదటి సెమిస్టర్ ఇంటర్నల్స్ దగ్గర ఒకసారి, ప్రాజెక్టు గైడ్ దగ్గర ఇంకోసారి ఉంటుంది.

ఒక జాగ్రత్త. బ్యాచ్‌లో గదబ తెగ అమ్మాయి ఒక్కతే ఉంటే, పేరు తీసేసినా ఆ గడిలో ఉన్నది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆ పట్టిక మీ దగ్గర, హెచ్‌ఓడీ దగ్గర ఉంటే చాలు. బయటికి ఇచ్చేటప్పుడు నాలుగైదు బ్యాచ్‌లు కలిపి ఇవ్వండి.

ఇక గైడ్‌ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మూలం ఇక్కడే ఉంది. మామూలుగా ఏం జరుగుతుంది? మూడో సెమిస్టర్ మొదలవగానే చురుకైన పిల్లలు, అంటే చాలాసార్లు పట్టణం పిల్లలు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు, మాస్టారి ఇంటికి వెళ్లి నమస్కారం పెట్టి "సార్, మీ దగ్గరే చేస్తాను" అంటారు. సార్ సరే అంటారు. ల్యాబ్‌లో గ్రాంటున్న సార్, కొత్త పరికరమున్న మేడమ్ అలా నిండిపోతారు. గజపతి జిల్లా మోహన నుంచో, చంద్రగిరి నుంచో వచ్చిన పిల్లకి అలా వెళ్లి అడగొచ్చని కూడా తెలీదు. నోటీసు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చివరికి రిటైర్మెంట్‌కి దగ్గరపడి ల్యాబ్ మూసేసుకున్న మాస్టారికి ఆమెని అంటగడతారు. ఆయన లైబ్రరీలో కూర్చుని రివ్యూ రాయమంటారు. రెండేళ్ల తర్వాత ఎక్కడో పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "ఏ ఇన్‌స్ట్రుమెంట్ మీద పనిచేశావు?" అని అడిగితే ఆమె దగ్గర జవాబుండదు. ఈ వరసలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎవరినీ ఎవరూ తిట్టలేదు. మీ సెమినార్‌కి వీళ్లంతా వచ్చి చప్పట్లు కొడతారు కూడా.

మార్చడం కష్టమేమీ కాదు. సెమిస్టర్ మొదలయ్యే ముందే ప్రతి టీచరూ ఏ పని మీద, ఎంతమందిని తీసుకుంటారో ఒక పేజీలో రాసివ్వాలి. అది బోర్డుకి ఎక్కాలి. ఫలానా రోజు అందరు టీచర్లూ తలా పది నిమిషాలు తమ పని గురించి చెప్పాలి. పిల్లలు మూడు ఇష్టాలు వరసగా రాసివ్వాలి. ఆ తేదీకి ముందు ఎవరికీ మాట ఇవ్వకూడదు. అడిగినవాళ్లు సీట్లకంటే ఎక్కువైతే ఏం చేస్తారో ముందే రాసిపెట్టాలి. మార్కుల ప్రకారం ఇస్తామంటారేమో. దాని బదులు ప్రతి టీచర్ దగ్గరా మొదటి సీటు మార్కులకి, మిగతావి లాటరీకి అని పెట్టి చూడమంటాను. లాటరీ అంటే మొదట నవ్వుతారు, తర్వాత అలవాటవుతుంది. పీహెచ్‌డీకి అయితే యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ పరిమితి ఎలాగూ ఉంది. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు. ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలున్నాయో డిపార్ట్‌మెంట్ వెబ్ పేజీలో పెట్టించండి. ఖాళీ లేదని నోటిమాటగా చెప్పి పంపేయడం ఆ దెబ్బతో తగ్గుతుంది.

పరికరాలదీ అదే దారి. యూవీ, ఐఆర్, సెంట్రిఫ్యూజ్, ఏదైనా సరే స్లాట్ రిజిస్టర్ ఉండాలి, అది తాళం ఉన్న స్కాలర్ దగ్గర కాకుండా ల్యాబ్ బయట వేలాడాలి. గాజు సామాను పగిలితే కట్టే డబ్బు కూడా చూడండి. బ్యూరెట్ పగిలితే డబ్బు కట్టాలన్న భయంతో ప్రయోగం మొత్తం పక్కవాడితో చేయించుకుని, తను రీడింగులు మాత్రం రాసుకునే పిల్లలు ఉంటారు. పరీక్ష రోజున బ్యూరెట్ పట్టుకునే చెయ్యి వణుకుతుంది. ప్రతి బ్యాచ్‌కీ కొంత పగలడం మామూలేనని లెక్కవేసి డిపార్ట్‌మెంట్ ఖర్చులో రాసుకుంటే సరిపోతుంది.

తెలుగు సంగతికి వస్తాను, మీ టెన్షన్ అదే కాబట్టి. ఇక్కడ మన పరిస్థితి రెండు రకాలు. ఒడియాలో జోకులేసుకుంటూ సాగే స్టాఫ్ మీటింగులో మనం పక్కకి పడిపోతాం, నిజమే. ఇచ్ఛాపురం నుంచో, సోంపేట నుంచో వచ్చి చేరిన పిల్లాడికి సీనియర్లు ఒడియాలో చెప్పే చిట్కాలు అందవు. కానీ పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడ బజారులో తెలుగు బలమున్న భాష. అక్కడ సవర పిల్లాడికి మనమే పైవాళ్లం. తెలుగు మాస్టారి దగ్గర తెలుగు పిల్లలే చేరడం, 'మనవాడే' అని ఒక మాట సాయం చేయడం నేను రెండు వైపులా చూశాను. మీ కమిటీ మొదటి కాగితం తెలుగువాళ్ల గురించి అయితే మిగతా కాగితాలు ఎవరూ చదవరు. గైడ్ అలాట్‌మెంట్‌తో మొదలుపెట్టండి. అందులో మన పిల్లలకి జరిగే మేలు ఎలాగూ ఉంటుంది.

భాష విషయంలో నియమాలు తక్కువ, అలవాట్లు ఎక్కువ ఉండాలి. పాఠం ఇంగ్లీషులో చెప్పి, అర్థం కాకపోతే ఒడియాలో విడమర్చడం మంచిదే, మానమనకండి. ఒడియా రానివాళ్లు గదిలో ఉంటే అదే ముక్క ఇంగ్లీషులో ఇంకోసారి బోర్డు మీద రాయమనండి. ల్యాబ్ భద్రత సూచనలు మాత్రం ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో ఉండాలి. యాసిడ్ ఒలికినప్పుడు ఎవరూ నిఘంటువు వెతకరు. సవర, కుయి, కోయ మాట్లాడే పిల్లలు బ్యాచ్‌లో ఉంటే, పై బ్యాచ్‌లో అదే భాషవాళ్లెవరైనా ఉన్నారేమో చూసి జత చేయండి, వాళ్లకి ఇష్టమైతేనే. వైవాలో ప్రశ్న అర్థం కాక నిలబడిన పిల్లకి ఆమెకి వచ్చిన భాషలో ఇంకోసారి అడిగితే, కెమిస్ట్రీ వచ్చో రాదో అప్పుడు తెలుస్తుంది. పర్లాకిమిడి బడిలో పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పట్టుబట్టి, 1930ల్లో నిఘంటువులు కూడా తెచ్చారు. మనల్ని ఎవరూ అంత చేయమనడం లేదు.

వైవాల గురించి ఇంకో మాట. బోర్డు ముందు కూర్చోగానే మొదటి ప్రశ్న "మీ ఊరేది, ఇంటిపేరేంటి?" అని వస్తుంది. ఒడియావాళ్లు సాంగియా, అంటే ఇంటిపేరే, అడుగుతారు, మనవాళ్లు ఇంటిపేరు అడిగి, అది చాలకపోతే "మీ నాన్నగారేం చేస్తారమ్మా?" అంటారు. పిల్లలని తేలికపరచడానికే అడుగుతున్నాం అంటారు. కులం తెలియడానికి అంతకంటే ఏం కావాలి? నేనున్న ఒక బోర్డులో నాన్న చేపలు పడతాడని చెప్పగానే ఎగ్జామినర్ "అయితే నీకు ఎమ్మెస్సీ ఎందుకురా?" అని నవ్వాడు. ఆ కుర్రాడు తర్వాత ఏ ప్రశ్నకీ నోరు విప్పలేదు. ఊరు, ఇంటిపేరు, తండ్రి పని, పెళ్లి, ఈ నాలుగూ అడగకూడదని బోర్డు సభ్యులకి ముందే ఇచ్చే కాగితంలో ఒక లైను రాయించండి.

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకీ అంతే. 2022 యూజీసీ నిబంధనల్లో ఎంట్రన్స్‌కి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ పెట్టారు. ఆ 30తో జాబితా తలకిందులవుతుంది. అందరికీ ఒకే అయిదారు ప్రశ్నలు, ప్రతి సభ్యుడూ తన మార్కు తను రాసి సంతకం పెట్టాకే చర్చ. ముందు చర్చ, తర్వాత మార్కులు అయితే గదిలో పెద్దాయన మాటే అందరి కాగితాల మీదా ఉంటుంది.

నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి ఈరోజే ఒకసారి చూడండి. పేరు పక్కన ఎస్సీ, ఎస్టీ అని కేటగిరీ వేసిన జాబితా ఏదో ఒకటి వేలాడుతూ ఉంటుంది. హాజరు రిజిస్టర్‌లో కూడా ఉండొచ్చు. సీటు కేటాయింపు జాబితాలో ఆ వివరం తప్పదేమో గానీ, క్లాసు మొదలయ్యాక దానితో పనిలేదు. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనల్లో, క్లాసులో విద్యార్థిని రిజర్వుడు కేటగిరీ అని ముద్ర వేయడం, సరిగా చదవకపోవడానికి కులమే కారణమన్నట్టు మాట్లాడటం, హాస్టల్లో, మెస్‌లో వేరుగా ఉంచడం వివక్ష అని పేరుపేరునా రాశారు. ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, యాంటీ డిస్క్రిమినేషన్ ఆఫీసర్ ఉండాలన్నారు. మీ యూనివర్సిటీలో ఆ ఆఫీసర్ ఎవరో కనుక్కుని, ఆయన నంబరు బోర్డు మీద పెట్టండి. చాలాచోట్ల ఆ ఆఫీసర్‌కే తన పదవి గుర్తుండదు.

సరిహద్దు జిల్లాల్లో ఉన్నాం కాబట్టి సర్టిఫికెట్ల తిప్పలు మనకి ప్రత్యేకం. ఆంధ్రలో ఎస్టీ అయిన కుటుంబం ఒడిశాలో అదే హోదా అడగలేదు, ఇటువాళ్లు అటు వెళ్లినా అంతే. ఈ పాఠం మన తెలుగు కుటుంబం కేసులోనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ హోదా ఉన్న కుటుంబం ఉద్యోగరీత్యా మహారాష్ట్ర వెళ్తే, కొడుకు బొంబాయిలో మెడికల్ సీటు ఎస్టీ కోటాలో అడిగాడు. ఆ హోదా సొంత రాష్ట్రం దాటి రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కేంద్ర సంస్థల్లో దేశవ్యాప్త ప్రవేశాలకి మాత్రం సొంత రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లుతుంది. అంటే కేంద్ర సైన్స్ సంస్థ అయిన బరంపురం ఐసర్‌లోనో, కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలోనో చెల్లిన ఆంధ్ర కాగితం పక్కనే ఉన్న రాష్ట్ర యూనివర్సిటీలో చెల్లదు. పిల్లలకి ఇది చేరిన తర్వాత తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా సొంత రాష్ట్రమే ఇవ్వాలి కాబట్టి శ్రీకాకుళం పిల్లాడు దరఖాస్తు పెట్టాల్సింది అటు వైపు. అడ్మిషన్ల వారంలో ఒక బల్ల వేసి, ఈ కాగితాలు తెలిసిన క్లర్క్‌నొకరిని కూర్చోబెట్టండి. ఎస్టీ పిల్లలకి పీహెచ్‌డీ కోసం కేంద్రం ఏటా 750 నేషనల్ ఫెలోషిప్‌లు ఇస్తుందని మన దగ్గర ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపవద్దని డిపార్ట్‌మెంట్ నుంచి ప్రతి సెమిస్టర్‌కీ ఒక లెటర్ వెళ్లాలి. లెటర్ పెడితే పనవుతుంది, చాలాసార్లు.

ల్యాబ్‌లోకి వికలాంగ విద్యార్థి వస్తే ఏం చేయాలో ఎవరూ ముందుగా ఆలోచించరు. ర్యాంప్ కట్టి ఫొటో తీస్తారు, లోపల బల్ల నిలబడి పనిచేసేవాళ్ల ఎత్తులోనే ఉంటుంది. ఒక్క బల్ల ఎత్తు తగ్గించి, కింద కాళ్లకి చోటు ఉంచి, గ్యాస్ నాబ్, ట్యాప్ ముందు వైపుకి తెస్తే అయిపోయే పని. పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలున్నాయి. థియరీకి ఇస్తారు, ప్రాక్టికల్ దగ్గర మర్చిపోతారు. రంగుల తేడా పట్టలేని పిల్లల సంగతి ఇంకా చిత్రం. అది ఎక్కువగా మగపిల్లల్లో ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలీదు. టైట్రేషన్‌లో వాడే ఫినాల్‌ఫ్తలీన్ లేత గులాబీ రంగు వాళ్ల కంటికి ఆనదు. ఫ్లేమ్ టెస్టులో స్ట్రాన్షియం ఎరుపుకీ, బేరియం ఆకుపచ్చకీ తికమకపడతారు. టైట్రేషన్ తప్పు వచ్చిందని తిట్లు తింటారు. ఎండ్ పాయింట్, అంటే టైట్రేషన్ ఎక్కడ ఆపాలో, పీహెచ్ మీటర్‌తో గానీ, కండక్టెన్స్‌తో గానీ చూసే పద్ధతులు సిలబస్‌లో ఉన్నవే. అడిగితే మార్చుకోవచ్చని ప్రాక్టికల్ మాన్యువల్ మొదటి పేజీలో రాస్తే చాలు.

ఆడపిల్లల విషయానికి వస్తే, క్లాసులో వాళ్ల సంఖ్యకి లోటు లేదు. ఉన్నత విద్య మీద కేంద్రం చేసే ఏఐఎస్‌హెచ్‌ఈ సర్వే 2021-22 లెక్కల్లో దేశం మొత్తం మీద సైన్స్ చదివే 57.2 లక్షల మందిలో ఆడవాళ్లే ఎక్కువ, 29.8 లక్షలు. మరి మీ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ల గదుల బయట ఉన్న పేర్లు చదువుకుంటూ నడవండి. మధ్యలో ఏమైందంటే పెళ్లి, పిల్లలు అని ఊరుకుంటారు. పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకి ప్రసూతి, శిశు సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు, గడువులో రెండేళ్ల అదనం యూజీసీ నిబంధనల్లోనే ఉన్నాయి. నేను చూసిన చోట గైడ్‌కి ఆ సంగతి తెలీదు, స్కాలర్ అడగడానికి భయపడింది. చేరిన రోజు ఇచ్చే కాగితాల్లో అది పెట్టండి. గర్భిణిగా ఉన్నప్పుడు ఏ సాల్వెంట్లకి దూరంగా ఉండాలో అడగడానికి సిగ్గుపడాల్సిన పరిస్థితి ఉండకూడదు.

ప్రాక్టికల్ ఆరింటిదాకా సాగితే ఊళ్ల వైపు ఆఖరి బస్సు పోతుంది. హాస్టల్ దొరకని ఆడపిల్ల మధ్యలో వదిలేసి వెళ్తుంది, మార్కు పోతుంది. టైమ్ టేబుల్ వేసేవాళ్ల చేతికి బస్సుల టైములు కూడా ఇవ్వండి. ఫీల్డ్ ట్రిప్ అయితే బాత్రూమ్ ఎక్కడుందో, రాత్రి ఎక్కడ ఉంటారో ముందే రాయాలి, తోడుగా మహిళా టీచర్ ఉండాలి. ఆడపిల్లలకి రిస్క్ అని ఇంట్లో దిగబెట్టడం పరిష్కారమనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఉండాల్సిన ఇంటర్నల్ కమిటీ మీ కమిటీకి పూర్తిగా వేరు. ఎవరైనా అమ్మాయి మీ దగ్గరకి వచ్చి ల్యాబ్‌లో జరిగింది చెప్తే, మీరు విచారణ చేయకండి, రాజీ కుదర్చకండి. ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలని, కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదని చెప్పి, రాయడంలో సాయం చేయండి. రాజీ ప్రయత్నం ఫిర్యాదు చేసినవాళ్లు అడిగితేనే జరగాలి, అందులో డబ్బు ఉండకూడదు. "మన డిపార్ట్‌మెంట్ పరువు" అనే మాట ఎవరి నోట వచ్చినా అక్కడ ఆపండి.

గంజాం తీరంలో గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య ముఖద్వారం దాకా మన తెలుగు మత్స్యకార కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ఆ ముఖద్వారం దగ్గర నవంబర్ నుంచి మే నెలాఖరు దాకా చేపల వేట నిషేధం. తాబేళ్ల మీద, సముద్రం మీద పరిశోధనలు ఎన్నో జరుగుతాయి. పడవ నడిపేదీ, గుడ్లు పెట్టే చోటు చూపించేదీ ఆ ఊళ్లవాళ్లే. వాళ్ల పిల్లలు మాత్రం డిపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కరు. ఏడాదికి ఒకసారి ఆ ఊళ్ల హైస్కూలు పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకొచ్చి, సాయంత్రం దాకా మైక్రోస్కోపులు వాళ్ల చేతికిచ్చి వదిలేయండి. పెద్దవాళ్లని మాట్లాడటానికి పిలిచినప్పుడు గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే రెమ్యూనరేషనే ఇప్పించండి.

పూజల సంగతి సున్నితమే గానీ దాటేయలేం. డిపార్ట్‌మెంట్‌లో సరస్వతీ పూజ జరుగుతుంది, జరగనివ్వండి. చందా పేరు పేరునా వసూలు చేసి, ఇవ్వనివాళ్ల జాబితా పెట్టకూడదు. వంట, వడ్డన పనుల జాబితాలో ఎప్పుడూ ఒకే రకం ఇంటిపేర్లు ఎందుకుంటున్నాయో చూసుకోవాలి. గజపతి జిల్లా నుంచి వచ్చేవాళ్లలో క్రైస్తవ పిల్లలు గణనీయంగా ఉంటారు. సిలబస్ పూర్తి కాలేదని ఆదివారం పొద్దున ఎక్స్‌ట్రా క్లాసు, గుడ్ ఫ్రైడే నాడు ఇంటర్నల్ పెట్టడం మనకి తట్టదు, వాళ్లు చెప్పరు.

ఇక మీ గురించి, అమ్మా. ఇలాంటి పనులు ఎప్పుడూ డిపార్ట్‌మెంట్‌లో చిన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీ టీచర్లకి పడతాయి. ఆ గంటలన్నీ మీ పేపర్లలోంచి, గ్రాంట్లలోంచి పోతాయి. కన్వీనర్‌గా ఉన్నంతకాలం ఒక థియరీ పేపర్ తగ్గించమని, లేదా పరీక్షల డ్యూటీలు తీసేయమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. కమిటీలో ఒక సీనియర్ ప్రొఫెసర్‌ని, ల్యాబ్ అటెండెంట్‌ని, ఇద్దరు విద్యార్థుల్ని వేయించుకోండి. అటెండెంట్ ఎందుకంటే, ఏ ల్యాబ్‌లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో అందరికంటే బాగా తెలిసింది ఆయనకే.

హెచ్‌ఓడీ గారు ఒప్పుకోరని అనుకోకండి. ఆయనకి కావలసింది నాక్ ఫైలు. అందులో జెండర్ ఈక్విటీ, ఇన్‌క్లూజివ్ వాతావరణం గురించి ఆధారాలు అడుగుతారు. గైడ్ అలాట్‌మెంట్ నోటీసు, పరికరాల స్లాట్ రిజిస్టర్, వైవా బోర్డుకి ఇచ్చిన సూచనల కాగితం, హాల్ టికెట్లు ఆపవద్దని పంపిన లెటర్. ఈ నాలుగింటికీ తేదీ, సంతకం ఉంటాయి కాబట్టి బ్యానర్ ముందు దిగిన ఫొటోకంటే ఎక్కువ పనికొస్తాయని ఆయనకి చెప్పండి. మొదటి ఏడాది గైడ్ అలాట్‌మెంట్ ఒక్కటే పట్టుకోండి. అది జూలైలోపు బోర్డు మీదకి ఎక్కాలంటే మే నెల స్టాఫ్ కౌన్సిల్ ఎజెండాలో ఉండాలి.